నేను చూడని గొడుగు

నా చిన్నప్పుడు మేము విశాఖపట్నం పాత ఊళ్ళో, హార్బర్ వెనకాల ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. మా నాన్నగారిది గోదావరి జిల్లా. పోర్టులో గుమాస్తా ఉద్యోగం రావడంతో మా అమ్మను, ముగ్గురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ఈ ఊరు చేరారు. నేను మూడోదాన్ని. మా సందు దాటగానే గెడ్డ, అంటే వాగు, ఆ గెడ్డ మీద దొరల కాలం నాటి రాతి వంతెన. సముద్రం పోటు మీదున్నప్పుడు గెడ్డలోకి పడవలు వచ్చేవట. వాటికి అడ్డం కాకూడదని వంతెనను నడుమ బాగా ఎత్తుగా కట్టారు. బస్తాల బండి దాని మీదికి ఎక్కాలంటే వెనక నుంచి ఇద్దరు నెట్టాల్సిందే. ఇవతల మా ఇళ్ళు, పిండిమర, చిల్లర కొట్లు. అవతల గోడౌన్లు, కూలీల సంఘం ఆఫీసు.

ఆ వంతెన ఇప్పటికీ ఉంది. కింద గెడ్డ సగం పూడిపోయింది, పైన స్కూటర్లు తప్ప మరేవీ తిరగవు. గోడకు ఒక నల్లరాతి పలక బిగించి ఉంటుంది. హార్బర్ కూలీల నాయకుడొకాయనను అక్కడ పొడిచి చంపారు. ఆయన ఎన్నికల్లో నిలబడబోతున్నారు, గెలుస్తారని కూడా ఊళ్ళో అనుకునేవారు. పలక చదివితే ఆయన పేరు తెలుస్తుంది. ఆ పలక మీద పేరు లేని ఇంకొక మనిషి గురించి నేను చెప్పాలి. మొన్నమొన్నటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా వారికి సగం చెప్పాను, పిల్లలకు అసలు చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా సిగ్గు అడ్డం వచ్చేది.

మా సందు మొదట్లో ఒక సాయిబుగారి కొట్టు ఉండేది. ఆయన గొడుగులు బాగుచేసేవారు. విరిగిన ఊచ తీసి కొత్తది వేసి, సన్నటి తీగతో కట్టి, చిరిగిన గుడ్డకు కనపడకుండా అతుకు వేసేవారు. ఆయన వేళ్ళు పొడుగ్గా, చురుగ్గా ఉండేవి. బడికి పోతూ ఆగి చూసేదాన్ని. ఆయన తలెత్తకుండానే "పోవమ్మా, గంట కొట్టేస్తారు" అనేవారు. వారానికొకసారి సంచి సర్దుకుని రైల్లో ఎలమంచిలి సంతకు వెళ్ళి, అక్కడ గొడుగులు బాగుచేసి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. ఊరంతా ఆయన్ను గొడుగుల సాయిబు అనేది. ఆయన భార్యను మేము పిల్లలం చాచీ అని పిలిచేవాళ్ళం. వాళ్ళకూ నాకూ ఏ తగువూ లేదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, పగతో చేసిన తప్పుకైతే కనీసం ఒక కారణం చూపించుకోవచ్చు. నాకు అదీ లేదు.

ఆ రోజు ముసురు పట్టింది. బియ్యం పిండి పట్టించుకు రమ్మని అమ్మ నన్ను పిండిమరకు పంపింది. పిండిమర వంతెనకు ఇవతలి చివర ఉంటుంది. నా వంతు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. పిండి డబ్బా పట్టుకుని మెట్టు మీద నిలబడి, వాన కాస్త తెరిపిస్తే పోదామని చూస్తున్నాను. వంతెన అవతల నుంచి ఒక కేక వినిపించింది. తర్వాత చాలా కేకలు. మనుషులు అటు పరిగెత్తారు, ఇటు పరిగెత్తారు. పిండిమర ఆయన నా రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసేశాడు. కాసేపటికి మా నాన్నగారు వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయారు. తడిసిన రోడ్డు, పరిగెత్తే కాళ్ళు. నేను చూసింది ఇంతే.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి గాని నీళ్ళు పట్టే ధ్యాస ఎవరికీ లేదు. నాయకుణ్ణి పొడిచినవాళ్ళు ఎటు పారిపోయారన్నదే మాట. నేను చెంబు పట్టుకుని వెళ్ళాను. ఎదురింటావిడ నన్ను చూసి, "ఏటే గుంటా, నిన్న నువ్వక్కడే ఉన్నావంట కదేటి? ఏటి సూసావే?" అంది.

ఆడవాళ్ళంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. మా పెద్దక్క చదువులో మొదటిది, రెండో అక్క రంగులో మా అమ్మ పోలిక. మూడోదాన్ని నేను. ఎవరైనా ఇంటికి వస్తే నా పేరు అడగడం కూడా మరిచిపోయేవారు. అంతమంది నా నోటి వంక చూడటం అదే మొదలు. చూడలేదని చెబితే ఆ కళ్ళన్నీ వెంటనే పక్కకు తిరిగిపోతాయని నాకు తెలిసిపోయింది.

"ఎవరో పరిగెత్తారు" అన్నాను. అది నిజమే.

"ఎలాగున్నాడే?"

"గొడుగేసుకున్నాడు" అన్నాను. వాన కదా, అందుకని గొడుగు.

"ఎవుడే ఆడు? మనకి తెలిసినోడేనా?"

"గొడుగుల సాయిబుగారిలా ఉన్నాడు" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందని ఎన్నిసార్లు తిరిగి తిరిగి ఆలోచించుకున్నానో. గొడుగు అన్న మాట నోటినుంచి రాగానే దాని వెనకాలే ఆయన పేరు దానంతట అదే వచ్చేసింది, అంతే. అన్నాక ఒక్క క్షణం భయం వేసింది. కాని ఎదురింటావిడ "ఓలమ్మా" అంటూ గుండెల మీద చెయ్యి వేసుకుని నా పక్కన కూలబడింది. ఎవరో నా తల నిమిరారు. ఆ భయం పోయింది.

నేను "ఆయనలా ఉన్నాడు" అన్నాను. మధ్యాహ్నానికి సందులో "ఆయనే" అయింది. ఇంకా కొందరు, ఆయన కొట్టులో ఊచలు సానపట్టే రాయి ఉంది కదా, కత్తి కూడా దాని మీదే సానపట్టి ఉంటాడన్నారు. నాయకుడంటే ప్రాణం పెట్టే మనుషులు కోపంతో ఊగిపోతున్నారు. వాళ్ళకు ఒక పేరు కావాలి. పదేళ్ళ పిల్ల ఒక పేరు ఇచ్చింది.

సాయంత్రం ఇద్దరు పోలీసులు మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన కుర్చీలో నన్నే కూర్చోమని తను నిలబడ్డాడు. పాపా అని పిలిచి మంచిగానే అడిగాడు. వంతెన మీద ఎక్కడ చూశావన్నాడు. నాయకుడు పడిపోయింది అవతలి దిగుడులో అని అప్పటికే అందరి నోటా విని ఉన్నాను కాబట్టి అవతలి దిగుడు దగ్గరన్నాను. బాగా చూశావా అన్నాడు. చూశానన్నాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. నా మాట ఒకరు రాసుకోవడం నేనెప్పుడూ ఎరగను. ఎంత నెమ్మదిగా చెబితే అంత జాగ్రత్తగా రాసుకుంటున్నాడని గమనించి, నేను ఇంకా నెమ్మదిగా చెప్పాను.

సాయిబుగారిని తీసుకుపోవడం మా అరుగు మీద నుంచి చూశాను. కొట్టులో సగం కట్టిన గొడుగు పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, కొట్టు తలుపులు వెయ్యమని చాచీకి చెప్పి వాళ్ళ వెంట నడిచారు. ఏదో పొరపాటు, గంటలో వచ్చేస్తాననుకున్నట్టే ఉంది ఆ నడక.

రాలేదు. రెండో రోజు ఎవరో ఆ కొట్టు తలుపుల మీద రాళ్ళు రువ్వారు. బడిలో నా చుట్టూ గుంపు. మా నాన్నగారు ఒకసారి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "నిజంగా చూశావా అమ్మలూ?" అని అడిగారు. చూశానన్నాను. అప్పటికి ఆ మాట చెప్పడం అలవాటైపోయింది. కళ్ళు మూసుకుంటే నల్ల గొడుగు, దాని కింద పొడుగాటి మనిషి కనిపించేవాడు కూడా.

మూడో రోజు మధ్యాహ్నం చాచీ మా ఇంటికి వచ్చింది. మా అమ్మ భయపడి తలుపు దగ్గరే నిలబడిపోయింది. చాచీ గొడవ చెయ్యడానికి రాలేదు. అరుగు మీద ఒక పక్కగా కూర్చుని నన్ను పిలిచింది. మొహం వాచి ఉంది.

"పాపా, నాను నిన్ను తిట్టడానికి రాలేదు. ఒక్క మాట సెప్పు సాలు. ఆ రోజు ఆయన ఎలమంచిలి ఎల్లాడు. పాసింజరు లేటుగా ఒచ్చిందని, దీపాలెట్టిన తర్వాత ఇంటికొచ్చాడు. నువ్వు వంతెన మీద సూసావంటే ఆయన నాతో అబద్దం ఆడినట్టే కదా. ఇరవై ఏళ్ళలో నాతో ఎప్పుడూ అబద్దం ఆడలేదు. నువ్వు సూసావా?"

ఆవిడ నన్ను నమ్మడానికి సిద్ధపడి వచ్చింది. అది నాకప్పుడే అర్థమైంది. చూడలేదు అనడానికి అంతకంటే మంచి సమయం మరి దొరకదు. వెనక మా అమ్మ ఉంది, ఎదురింటి కిటికీలో ఎదురింటావిడ ఉంది. "చూశాను" అన్నాను.

 చాచీ కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. మా పక్కింటి అరుగు మీద వల అల్లుతూ కూర్చున్న తాత ఇదంతా విన్నాడు. ఆయన హార్బర్లో ఓడలకు దారి చూపించే చిన్న బోట్లు నడిపి రిటైరైనవాడు. బోటు నడిపేవాళ్ళను సరంగు అంటారు కాబట్టి మేమంతా సరంగు తాత అనేవాళ్ళం. తక్కువ మాట్లాడేవాడు.  వల పక్కన పెట్టి, కర్ర పట్టుకుని ఎటో వెళ్ళాడు.

నాలుగో రోజు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి తాత మా గుమ్మంలో ఉన్నాడు. "పిండిమర దాకా ఎల్లొత్తాం అమ్మా" అని మా అమ్మకు చెప్పి నన్ను వెంటబెట్టుకున్నాడు. ఆయన చేతిలో మడిచిన గొడుగుంది. వాన లేదు గాని మబ్బుగా ఉంది.

పిండిమర మెట్టు దగ్గర ఆగి, "ఆ రోజు నువ్వు నిలబడింది ఇక్కడేనా?" అన్నాడు.

"ఇక్కడే తాతా."

"కదలకుండా ఉండు. నాను వంతెన దాటి అవతల దిగి ఒత్తాను. నానేటి సేత్తానో సూత్తుండు."

ఆయన మోకాళ్ళ నొప్పితో మెల్లగా ఎక్కాడు. నడిమి ఎత్తు మీదికి చేరి, అవతలకు దిగడం మొదలుపెట్టాడు. ముందు ఆయన మోకాళ్ళు కనిపించకుండా పోయాయి. తర్వాత నడుము, భుజాలు. చివరికి తలపాగా కూడా వంతెన వెనక్కి దిగిపోయింది. నా ఎదురుగా రాళ్ళు, పైన ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. మెట్టు మీద నుంచి అవతలి దిగుడు ఎవరికీ కనపడదు. ఆయన నన్ను ఎందుకు తీసుకొచ్చాడో నాకు తెలిసిపోయింది. 

ఆయన తిరిగి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. వచ్చి మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నానవతల ఏటి సేసాను?"

కనపడలేదు తాతా అంటే సరిపోయేది. నేను ఆయన చేతిలో గొడుగు చూశాను. "గొడుగు విప్పారు" అన్నాను.

ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. మొదటి అబద్ధం నా నోట్లోంచి జారిపడింది. చాచీతో చెప్పింది పిరికితనం. ఇది మాత్రం అన్నీ తెలిసి, ఎదురుగా ఉన్న ముసలాయన మొహం చూస్తూ చెప్పింది.

తాత నన్ను తిట్టలేదు. 

"గొడుగు ఇప్పలేదమ్మా. సచ్చిపోయినాయన పడ్డ సోట ఎవులో పూలెట్టారు. ఆ పక్కన కూకున్నాను, అంతే. నిన్న నానొక్కణ్ణే ఒచ్చి ఈ మెట్టు మీద నిలబడి సూసుకున్నాను. కనపడదు." మడిచిన గొడుగు మెట్టుకు ఆనించి మళ్ళీ అన్నాడు. "బోటు మీద ముందర ఒక మనిషిని నిలబెడతాం. ఏటైనా కనపడతందా అని అడుగుతాను. కనపడలేదు అన్నాడనుకో, బోటు ఆపేత్తాను. అందులో తప్పేటీ నేదు. కనపడకపోయినా కనపడిందనీవోడితోనే పేణాలు పోతాయి."

నాకు ఏడుపు వచ్చింది. "నాన్నకు చెప్పకండి తాతా" అన్నాను.

"నాను సెప్పను. నువ్వే సెప్తావు. పద."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గట్టిగా పట్టుకోలేదు. విడిపించుకుని పారిపోవచ్చు. పారిపోలేదు, ఆ రోజు గురించి కాస్త నిబ్బరంగా చెప్పగలిగింది అదొక్కటే. మా నాన్నగారు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నారు. తాత గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్ళి చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నాన్నగారు కొడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, విప్పిన చొక్కా మళ్ళీ వేసుకున్నారు. మా అమ్మ అడ్డం వచ్చింది. "ఏవండీ, స్టేషన్ దగ్గర ఆ నాయకుడి మనుషులు కూర్చున్నారటండీ. ఇప్పుడు మనమ్మాయి కాదంటే వాళ్ళు ఊరుకుంటారా? సరంగు తాతే వెళ్ళి వంతెన సంగతి చెబితే సరిపోదా?" అంది.

"అక్కడ రాసుకున్నది ఆయన మాట కాదు, దీని మాట" అన్నారు నాన్నగారు.

నాన్నగారు, తాత, నేను ముగ్గురం నడిచి వెళ్ళాం. స్టేషన్ ఆవరణలో ఇరవై మంది దాకా ఉన్నారు. నన్ను గుర్తుపట్టి దారి ఇచ్చారు. ఒకాయన నాన్నగారి భుజం తట్టి, "మంచి పిల్లని కన్నావు బావా" అన్నాడు. నాన్నగారు తల దించుకుని లోపలికి నడిచారు. ఆయన అలా తల దించుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

లోపల గోడ వారగా గొడుగుల సాయిబుగారు కింద కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగింది. కుడిచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది, గుడ్డ చివర కనబడుతున్న వేళ్ళు అరటిపండ్లలా ఉబ్బి ఉన్నాయి. అది ఎలా జరిగిందో నేను చూడలేదు, అందుచేత చెప్పను. ఆయన నన్ను చూసి గోడ పట్టుకుని సగం లేచారు.

"బేటీ, నువ్వేటి ఇక్కడ? నిన్నెందుకు తెచ్చారు?" అన్నారు. ఆ తర్వాత పక్కనున్న పోలీసుతో, "పిల్ల భయపడతంది బాబూ. ఏడుత్తంది సూడండి. ఇంటికి పంపీండి" అన్నారు.

ఒక సాక్షి ఉందని ఆయనకు చెప్పారు గాని, ఆ సాక్షి ఎవరో చెప్పలేదు. నేనే అని ఆయనకు తెలియదు.

ఆ రోజు మా ఇంటికి వచ్చిన పోలీసు పెద్దాయన వచ్చి ఏమిటి సంగతి అన్నాడు. నాన్నగారు నా వీపు మీద చెయ్యి వేశారు. పోలీసాయన్ను పక్క గదిలోకి రమ్మని అడుగుదామనిపించింది. గోడ వార కూర్చున్న మనిషికి వినపడకుండా చెబుదామనిపించింది. నోరు తెరిచాక మాట ఆ గదిలో అందరికీ వినపడేలాగే వచ్చింది. "నేను చూడలేదండి. గొడుగు చూడలేదు, సాయిబుగారినీ చూడలేదు. అబద్ధం చెప్పాను."

నేను సాయిబుగారి వైపు తిరగకూడదనుకున్నాను. తిరిగాను. ఆయన మొహంలో కోపం వస్తే బాగుండేది. ముందు అర్థం కాలేదు, తర్వాత మెల్లగా అర్థమైంది. అప్పుడు ఆయన సగం లేచినవారు మళ్ళీ కిందికి కూర్చుండిపోయి, నా వంక కాకుండా తన చేతి వంక చూసుకున్నారు.

సరంగు తాత వంతెన ఎత్తు సంగతి చెప్పాడు. పోలీసు పెద్దాయన తాతకు ఒక పోలీసును తోడిచ్చి, మెట్టు దగ్గర నిలబడి చూడమని పంపాడు. ఆ పోలీసు తిరిగి వచ్చి కనపడదన్నాడు. ఇంకా ఏవేవో రాసుకున్నారు. ఆ రాత్రి సాయిబుగారిని వదిలేశారు. బయట కూర్చున్నవాళ్ళు మమ్మల్ని తిట్టారు. ఇందాక భుజం తట్టినాయన మా నాన్నగారిని ఎంతకు అమ్ముడుపోయావని అడిగాడు. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని గేటు దాటారు. 

కొన్ని నెలల తర్వాత అసలు హంతకులు దొరికారని విన్నాను. ఇద్దరు, వేరే ఊరివాళ్ళు. వాళ్ళ చేత చేయించినదెవరో ఊళ్ళో అందరికీ తెలుసనేవారు. గట్టిగా మాత్రం ఎవరూ అనలేదు. వాళ్ళ దగ్గర గొడుగన్నదే లేదట, తలల మీద గోనెలు కప్పుకుని పారిపోయారట.

వదిలేసిన మర్నాడే నాన్నగారు నన్ను సాయిబుగారి ఇంటికి పంపారు. ఒక్కదాన్నే వెళ్ళమన్నారు. తప్పయిందని చెప్పాను. చాచీ నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన "సరే బేటీ" అన్నారు. అంతే అన్నారు. క్షమించానని అనలేదు, అనాలని నేను ఆశపడటం కూడా తప్పే. తర్వాత కొట్టు తెరిచారు. చాచీ ఊచ పట్టుకుంటే ఆయన తీగ చుట్టేవారు. రెండు వేళ్ళు వంగేవి కావు. తీగ జారిపోయేది. బడికి పోతూ నేను చూశాను. ఆ దారి మానేసి, హార్బర్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి బడికి పోవడం మొదలుపెట్టాను. కొద్ది రోజులకు వాళ్ళు కొట్టు ఖాళీ చేసి చాచీ పుట్టిన ఊరు ఎలమంచిలి వెళ్ళిపోయారు. వెళ్ళిన రోజు కూడా నాకు తెలియదు.

సరంగు తాత మాత్రం నన్ను ఎప్పటిలాగే పలకరించేవాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "ఒప్పుకుంది కదా, ఇంక ఒగ్గీండి" అనేవాడు. ఆయన దయ వల్లే ఆ సందులో నేను తల ఎత్తుకుని తిరగగలిగాను. ఆయన మెట్టు మీద అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు తాత ఎవరికీ చెప్పలేదు, మా నాన్నగారికి కూడా. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

పెళ్ళయ్యాక ఉక్కునగరం క్వార్టర్స్‌కు వచ్చాను. మా వారికి ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. రైల్లో గోదావరి వైపు వెళ్ళినప్పుడల్లా ఎలమంచిలి స్టేషన్ వచ్చేసరికి కిటికీ వైపు చూసేదాన్ని కాదు. నలభై దాటాక ఒకసారి, ఎందుకో తెలియదు, టిక్కెట్టు అక్కడికే కొనుక్కుని దిగాను. గొడుగులు బాగుచేసే సాయిబుగారి ఇల్లని అడిగితే చూపించారు. ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్ళయిందట. చాచీ కూతురి దగ్గర ఉంది. ముసలిదైపోయింది. నేను ఎవరినో చెప్పాను. గుర్తుందంది. కూర్చోమంది, టీ ఇప్పించింది.

నన్ను తిట్టమని అడగడానికే వెళ్ళాననుకుంటాను. ఆవిడ తిట్టలేదు. ఖాళీ టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పింది.

"ఆయన స్టేషన్ కాడ్నుంచి ఒచ్చి నన్ను మొదట అడిగింది ఏటో తెలుసా? నువ్వు నమ్మావా అని. నాను నమ్మాను పాపా. నీ మాట ఇని, ఒకరోజంతా ఆయన్ని అబద్దాలకోరనుకున్నాను. లేదు, నమ్మలేదు అని సెప్పాను ఆయనతో. ఇరవై ఏళ్ళలో నానాడిన అబద్దం అదొక్కటే. ఆయనకి తెలిసిపోయింది. తెలిసినట్టు కనపడనీలేదు. సచ్చిపోయేదాకా కనపడనీలేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ మెల్లగా వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు. ఆ చెయ్యి పట్టుకునే హక్కు నాకు లేదని ఇద్దరికీ తెలుసు, అంతే. రైలు వేళయిందని కూతురు గుర్తు చేస్తే లేచాను. చూడని ఒక గొడుగు ఒక మనిషి వేళ్ళు తీసుకుంది. దానితో ఆగలేదు, ఆ మొగుడూ పెళ్ళాల మధ్యకు కూడా వెళ్ళి కూర్చుంది. నేను స్టేషన్లో ఒప్పుకున్నది కాగితం మీద రాతను కొట్టేసింది గాని అక్కడిదాకా వెళ్ళలేకపోయింది. తప్పు ఒప్పుకుంటే సరిపోతుందని పిల్లలకు చెబుతాం. నేనూ మా పిల్లలకు చెప్పాను. ఆ రోజు రైల్లో మాత్రం ఆ మాట నమ్మలేకపోయాను.

మొన్న మా మనవరాలు నన్ను పాత ఊరికి తీసుకెళ్ళింది. ఆదివారం పొద్దున్న కుర్రకారు గుంపుగా పాత కట్టడాలు చూస్తూ నడుస్తున్నారు, వాళ్ళతో కలిశాం. రాతి వంతెన మీద ఒకబ్బాయి ఆ హత్య కథ చక్కగా చెప్పాడు. ముసురు, దీపాల వేళ, నల్ల గొడుగు కింద పారిపోయిన మనిషి. అందరూ ఫోన్లు పట్టుకుని వింటున్నారు. హంతకులు దొరికి ఇన్నేళ్ళయినా ఊరికి నా గొడుగే నచ్చింది. దాన్నే దాచుకుంది.

"గొడుగు లేదు బాబూ" అన్నాను.

ఆ అబ్బాయి మర్యాదగా నవ్వి, "చూసినవాళ్ళున్నారంట మేడమ్. ఎవరో చిన్నపాప చూసిందంట" అన్నాడు.

"ఆ పాపను నేనే. నేను చూడలేదు."

 నా మనవరాలు నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంటికి వచ్చాక పూర్తిగా చెప్పాను. పిండిమర మెట్టు మీద చెప్పిన మాటతో సహా. అది విని నా పక్కనుంచి లేచి వెళ్ళిపోలేదు గాని, ఆ రోజంతా నాతో కొంచెం కొత్తగా ఉంది.

ఇప్పటికీ ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి నాకు ఆలస్యమవుతుంది. పాలవాడు వచ్చాడా, గ్యాస్ కట్టేశావా, పక్కింటి గొడవలో ముందు ఎవరు నోరు జారారు, ఏది అడిగినా సరే. చూశానా, విన్నానా, అనుకున్నానా అని లోపల ఒకసారి వెతుక్కుని గాని నోరు తెరవలేను. అత్తయ్యకు పెద్దతనం వచ్చింది, మాట వెంటనే అందడం లేదని మా కోడలు మొన్న డాక్టరుతో కూడా చెప్పింది. పెద్దతనం కాదమ్మా. అది చెప్పడానికే ఇదంతా రాశాను.